తడిచెయ్యి

మా కండార్ ఏట్లో ట్రౌట్ చేపను పట్టి వండుకు తినడం ఇక మానుకోవాలని నాకు చెప్పింది మా మరిది నరోత్తం. అదీ నా పొయ్యి పక్కన కూచుని, నేను గోధుమపిండితో ఆవిరి మీద వండిన సిడ్డూ రొట్టెలు నాలుగు నేతిలో ముంచుకు తింటూ చెప్పాడు. ఒళ్లు మండినా అయిదోది కూడా వడ్డించాను. తినేవాణ్ణి తిట్టకూడదని మా అత్తగారు నేర్పింది. తిన్నాక తిట్టొద్దని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"కోపం తెచ్చుకోకు వదినా," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఇప్పుడు లోకమంతా చేపను పట్టి వదిలేస్తన్నారు. ఫోటో తీసుకుంటారు, నీళ్లలో వదుల్తారు. చేపా బతుకుద్ది, ఊరికీ పేరొస్తది."

"ఆకలేసినోడు ఫోటో తింటాడా?"

"చేప లేకపోతే ఆకలితో పోయేవాళ్లెవరున్నారు మనూళ్లో? రాజ్‌మా లేదా, బియ్యం లేవా?"

"నీ క్యాంపులో వంటోడు లేడా? మరి నా సిడ్డూల కోసం కొండెక్కి ఎందుకొచ్చావు?"

నవ్వాడు. నవ్వినప్పుడు నరోత్తం అచ్చం వాళ్ల నాన్నలా ఉంటాడు. అందుకే వాణ్ణి ఎప్పుడూ మనసారా తిట్టలేకపోయాను. మా ఆయనకు బాబాయి కొడుకు. మూడేళ్ల కిందట వంతెన దగ్గర తన పొలం చదును చేసి ఎనిమిది గుడారాలు వేశాడు. మైదానాల నుంచి వచ్చే చేపల సరదా ఉన్నవాళ్లు వాటిలో దిగుతారు. ఇప్పుడు కొత్త ఆలోచన పుట్టింది. వంతెన నుంచి ఎగువన పిండి పట్టే నీటిమర దాకా ఎవరు చేప పట్టినా తిరిగి వదిలెయ్యాలి, ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లకూడదు. ఊరు ఒప్పుకుంటే సర్కారువాళ్లు బోర్డు పెడతారట. ఆదివారం పంచాయతీ ముందు చేతులెత్తించాలి.

"నువ్వు చెయ్యెత్తితే ఆడవాళ్లంతా ఎత్తుతారు," అన్నాడు లేస్తూ. "నాకా సంగతి తెలుసు. నీకూ తెలుసు."

తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. ఇరవై ఆరేళ్లుగా నేను చేపలు పట్టేది ఆ ముక్కలోనే. మర దాటి పైకెళ్లాలంటే కోతులు ఎక్కే దారి. వంతెన దిగువన ఊరి మురుగు కలుస్తుంది. ఆదివారం చేతులు లేస్తే నా లైసెన్సు గోడకు అంటించుకోవడానికి పనికొస్తుంది, అంతే. నా ఏట్లో చేప నా పళ్లెంలోకి రాదు. ఆ మాట అనుకుంటేనే నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి, కోపమే గెలిచింది.

చేపలు పట్టడం నాకు నేర్పింది మా మామగారు. ముందు కొడుక్కి నేర్పబోయాడు. మా ఆయన లోత్ రామ్‌కి నీళ్లంటే చలి, మగ్గమంటే ప్రాణం. విసుగెత్తి ముసలాయన కోడలి చేతికి గేలపు కర్ర ఇచ్చాడు. ఊళ్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. "హిరమ పట్టిన చేప పులుసు పంపనా?" అని ఆయన వాళ్లనే అడిగాడు. పంపితే గిన్నె కడిగి మరీ తిరిగిచ్చారు.

ఆయన దగ్గర మూరెడు అక్రోట్ కర్ర ఒకటి ఉండేది. దాని మీద రెండు గాట్లు. ఇప్పుడది నా నడుముపట్టీలో ఉంటుంది. పట్టిన చేపను నీళ్లలోనే దాని పక్కన పెట్టి చూడాలి. మొదటి గాటు దాకా రాకపోతే అదింకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టలేదు, వదిలెయ్యాలి. రెండో గాటు దాటితే అది ఏటికి తల్లి, వదిలెయ్యాలి. మధ్యలోది మనది. రోజుకు రెండే. రెండూ దొరికాక మూడోది కాళ్ల మధ్య నుంచి ఈదినా సరే, దారం చుట్టుకుని ఇంటికి రావాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చేపలు గులకరాళ్లలో గుడ్లు పెట్టుకుంటాయి కనుక ఆ నాలుగు నెలలూ ఏట్లో కాలు కూడా పెట్టకూడదు. గేలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కెయ్యాలి, అప్పుడు చేప నోరు చీలకుండా ఊడి వస్తుంది. వదిలే చేపను తాకాలంటే ముందు చెయ్యి తడుపుకోవాలి. తినే చేపకు నెత్తి మీద కర్రతో ఒకే ఒక్క దెబ్బ. సంచిలో పడేసి కొట్టుకోనివ్వడం ఆయన చూస్తే, ఆ సంచి మన తలకు తగిలించేవాడు.

ఇవన్నీ సర్కారు కాగితంలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. ఒక కట్టుబాటు మాత్రం పూర్తిగా మా ఊరిదే. రెండో గాటు దాటిన చేపను ఎవరు చంపినా, వాళ్ల గేలపు కర్ర ఎగువ మరలో దూలానికి కట్టాలి. మళ్లీ మార్చి ఒకటి దాకా అది దిగకూడదు. పంతొమ్మిదేళ్ల కిందట నరోత్తం పెళ్లికొడుకు సరదాలో అలాంటి చేపను చంపి ఊరంతా చూపించుకున్నాడు. వాడి చేతిలోంచి కర్ర లాక్కుని దూలానికి కట్టింది నేనే. ఆ ఏడంతా నన్ను చూస్తే ముఖం తిప్పుకున్నాడు.

ఇక నా తప్పు చెప్పాలి. మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది.

ఈ మార్చిలో సీజను మొదలవగానే నరోత్తం నన్ను పనికి పిలిచాడు. గెస్టులకు చేపలుండే లోతు గుండాలు చూపించాలి, గేలానికి పడ్డ చేపను వలలోకి తియ్యాలి, ఫోటోకి పట్టుకోవాలి. ఏరు నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు కదా అని పొగిడాడు. పొగిడితే పడిపోయాను, దాచేదేముంది. మార్చిలో మా నీళ్లు కరిగిన మంచే. నేను ఉన్ని చేతితొడుగులు వేసుకెళ్లాను. నేనే అల్లుకున్నవి, ఎర్ర అంచువి. ఎడమ ఉంగరపు వేలు సగమే ఉంటుంది నాకు, గడ్డి కోసే యంత్రం మింగేసింది. అందుకని తొడుగుకు కూడా ఆ వేలు సగానికే అల్లి ముడి వేశాను.

మా కొండల్లో దేనికైనా ఉన్నే మందు. పుట్టిన గొర్రెపిల్లను ఉన్నిలో చుడతాం, జ్వరం వచ్చిన బిడ్డను ఉన్నిలో చుడతాం, వేడి గిన్నెను ఉన్నితో దింపుతాం. చేపను కూడా ఉన్నితో పట్టుకుంటే దానికి మెత్తగా ఉంటుందనుకున్నాను. జారి రాళ్ల మీద పడదు, నా వేళ్లూ కొంకర్లు పోవు. తడిచెయ్యి అన్న మాట మామగారు వెయ్యిసార్లు చెప్పారు. చెయ్యి అన్నారు గానీ తొడుగు అనలేదని నా బుర్ర ఎలా సర్దుకుందో నాకే తెలియదు. "అమ్మగారు ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో" అని గెస్టులు మెచ్చుకున్నారు.

మూడో వారంలో అంబాలా నుంచి ధింగ్రా గారు వచ్చారు. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన గేలానికి మర అవ్వ పడింది.

మర కింది గుండంలో ఉండే పెద్ద ట్రౌట్‌ను మేమలా పిలుస్తాం. ఆరేళ్లుగా ఎరుగుదును. ఎడమ కన్ను వెనక రెండు నల్లమచ్చలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. నా గేలానికి రెండుసార్లు పడింది, రెండుసార్లూ నీళ్లలోనే విడిపించాను. మా ఏట్లో సగం పిల్లలు దాని కడుపున పుట్టినవే అయ్యుంటాయి. ఆ రోజు నరోత్తం గట్టు మీద నుంచి, "ఎత్తు వదినా, ఇంకాస్త ఎత్తు" అన్నాడు. ఎత్తాను. ఒక ఫోటో. ఎండ ఇటు ఉందని ఇంకోటి. ధింగ్రా గారు కళ్లద్దాలు తీసి ఇంకోటి. నరోత్తం ఫోనులో ఇంకోటి. పొడి ఉన్ని తొడుగులతో దాన్ని గాలిలో పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నీళ్లలో వదిలితే తోక ఊపి వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ వారం చివర్లో మా బార్లీ చేలో పని పడి క్యాంపు మానేశాను.

రెండు వారాలు గడిచాయి. నరోత్తం సిడ్డూలు తిని వెళ్లిన మర్నాడు, గురువారం పొద్దున్న, మక్కలు పిండి పట్టించుకోవడానికి మరకు వెళ్లాను. గుండం పక్కన చీలమండ లోతు నీళ్లలో మర అవ్వ పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు ఆగి ఆగి కదులుతున్నాయి. చెయ్యి తడుపుకుని పట్టుకున్నాను, పారిపోలేదు. ఒంటి మీద తెల్లటి బూజు, దూదిలా. ఒక పక్క నాలుగు వేళ్లు, రెండో పక్క బొటనవేలు. చేప ఒంటి మీద ఉండే జిగురు ఎక్కడెక్కడ తుడుచుకుపోయిందో అక్కడల్లా బూజు పట్టింది. ఉంగరపు వేలి గుర్తు సగానికే ఆగింది. నా ఎడమ చెయ్యి దాని మీద పెట్టి చూశాను. పెట్టక్కర్లేదు, ముందే తెలిసింది.

నడుములోంచి కర్ర తీసి ఒక్క దెబ్బ వేశాను. అంతకంటే మంచి పని దానికి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. చంపి తినకుండా ఉండిపోయిన చేప నా జీవితంలో అదొక్కటే. అక్కడే రాతి మీద కూచుని ఏడ్చాను. మక్కలు పిండి పట్టించకుండానే ఇంటికొచ్చి, ఇంటి వెనక లోయలో ఎండ తగలక కరగకుండా మిగిలిన మంచులో దాన్ని పాతిపెట్టాను.

మా ఆయన మగ్గం దిగకుండానే అంతా విన్నాడు. ఆయన ఏ విషయమైనా అలాగే వింటాడు.

"ఆపిల్ చెట్టు కింద పాతెయ్యి," అన్నాడు.

"ఆదివారం పంచాయతీలో పెడతాను."

"ఆ వేలెవరిదో ఊళ్లో పాలుతాగే పిల్లాడు కూడా చెప్తాడు హిరమా. నరోత్తం దాన్ని పట్టుకుని నిన్నే నిలబెడతాడు. ఉన్న హక్కు పోవడం కాకుండా పరువు కూడా పోద్ది."

"దాచిపెడితే హక్కు మిగులుద్దా?"

"చెప్పలేం. చేతులు లేవకపోవచ్చు. నీ వాదన నీకుంది. ఊరికే నోటితో చెప్పి రా."

ఆయన చెప్పింది తెలివైన మాటే. మూడు రోజులు ఆ మాటను నమిలాను. పంతొమ్మిదేళ్ల కిందట నరోత్తం చేతిలోంచి కర్ర లాక్కున్నప్పుడు వాడు కూడా ఏదో చెప్పబోయాడు. చీకట్లో కొలవడం కుదరలేదనో, చేతికి అందలేదనో. నేను విననేలేదు. ఆ సంగతే మాటిమాటికీ గుర్తొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం వీపుబుట్టలో పచ్చి ఫెర్న్ ఆకులు పరిచి చేపను పడుకోబెట్టాను. బుట్ట పక్కన ఇంకోటి కూడా కట్టుకుని వెళ్లాను. గేలపు కర్ర ఎందుకని దారిలో ముగ్గురు అడిగారు. పని ఉందన్నాను.

పంచాయతీ ఇంటి ముందు ఊరంతా ఉంది. ఫిషరీ గార్డు డాబే రామ్ బల్ల దగ్గర రిజిస్టరు తెరుచుకుని కూచున్నాడు. పక్కన కుర్చీలో ధింగ్రా గారు. ఈ మీటింగు కోసమే మళ్లీ వచ్చారట. వాళ్ల వెనక గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద మర అవ్వ ఫోటో, మంచం అంత. ఎడమ కన్ను వెనక జంట మచ్చలు పళ్లేలంత పెద్దవిగా కనిపిస్తున్నాయి. దాన్ని పట్టుకున్నవి ఎర్ర అంచు ఉన్ని తొడుగులు. పట్టుకున్న మనిషి ముఖం లేదు, మెడ దగ్గర కోసేశారు. కింద పెద్ద అక్షరాలు: కండార్ ఏరు, ఇక్కడ పట్టిన ప్రతి చేపా బతుకుతుంది.

అప్పటిదాకా నాలో ఏ మూలో ఇంకా కాస్త బెరుకుంది. ఆ ఫ్లెక్సీ చూశాక అది పోయింది.

నరోత్తం బాగానే మాట్లాడాడు. ఊళ్లో లైసెన్సు ఉన్నవాళ్లు తొమ్మిది మంది, తలా రెండు చేపలంటే సీజనుకి ఎన్నవుతాయో చూడండి అన్నాడు. చంపేవాడి వల్ల ఏరు ఖాళీ అవుతుంది, వదిలేవాడి వల్ల నిండుతుంది అన్నాడు. వెనక కూచున్నవాళ్లు తలలూపారు. నాకే సగం నిజమనిపించింది.

"ఇక చేతులెత్తండి," అన్నాడు గార్డు.

"ఆగు డాబే రామ్," అని లేచాను. "నరోత్తం, నీ గెస్టు రోజుకి ఎన్ని పడతాడు?"

"పది పడతాడు, ఇరవై పడతాడు. ఎన్ని పడితే ఏంది వదినా, ఒక్కటీ చంపడు గదా."

"నేను రెండు పడతాను, రెండూ చంపుతాను. ఆ రెండిటి లెక్క నాకు తెలుసు, తిన్న పళ్లెం చెప్పుద్ది. నీ ఇరవై ఎక్కడికి పోతన్నయ్యో నీకు తెలుసా?"

"ఏట్లోకి."

"సరే, ఏట్లోంచే తెచ్చాను, చూడు."

బల్ల మీది రిజిస్టరు పక్కకు జరిపి, మర అవ్వను ఫెర్న్ ఆకులతో సహా అక్కడ పెట్టాను. ముందు వరుసవాళ్లు లేచి నిలబడ్డారు. డాబే రామ్ ముందు చేపను చూశాడు, తర్వాత తల తిప్పి ఫ్లెక్సీ చూశాడు, మళ్లీ చేపను చూశాడు.

"జంట మచ్చలు," అన్నాడు. "అదే."

నరోత్తం ఒకడుగు వెనక్కి వేశాడు. అయినా వాడు తెలివైనవాడు, తేరుకోవడానికి ఎంతోసేపు పట్టదు. వంగి చూశాడు. బూజును చూశాడు, వేళ్ల గుర్తులు చూశాడు. నెమ్మదిగా నవ్వు మొదలైంది.

"వదినా, ఈ ఉంగరపు వేలు సగమే ఉందే."

"ఉంది."

"మనూళ్లో సగం వేలు ఎవరికుందో చెప్పమంటావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన తల దించుకున్నాడు. నేను ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్లు విప్పి అందరికీ చూపించాను. చేతులెత్తమన్నారు కదా, మొదట లేచిన చెయ్యి అదే.

"నాదే," అన్నాను. "చంపింది నేనే. పొడి ఉన్ని తొడుగులతో పట్టుకుని గాలిలోకి ఎత్తాను. దాని ఒంటి జిగురంతా నా తొడుక్కి అంటుకుంది. రెండు వారాలు ఆ పుండుతో బతికింది. గురువారం నా కర్రతోనే కొట్టి చంపాను. ఆ ఫోటోలో నా ముఖం కోసేశారు, చేతులుంచారు. ముఖం నేను తెచ్చుకున్నాను, చూసుకోండి."

మా ఆయన తల ఎత్తాడు.

"అయితే నీ తప్పుకి ఊరెందుకు..." అని నరోత్తం మొదలెట్టాడు.

"నా మాట అవలేదు. ఇరవై ఆరేళ్లుగా ఏట్లో చెయ్యి పెట్టినదాన్ని, నేనే ఇట్టా చంపాను. నిన్నగాక మొన్న గేలం కొనుక్కున్నోడు రోజుకి ఇరవయ్యింటిని పట్టి ఎత్తి దింపుతుంటే ఎన్ని ఇట్టా తేలతాయి? అవి మనకి కనపడవు నరోత్తం. రాళ్ల కింద దూరి చస్తాయి. నేను చంపింది నా పొయ్యి మీద అందరికీ కనపడుద్ది, అందుకని నేను పాపిని. మీరు చంపింది ఫోటోలో నవ్వుద్ది."

మూల నుంచి నూపీ అత్త గొంతు లేచింది. ఎనభై ఏళ్లది, పళ్లు లేవు, మొహమాటం అంతకన్నా లేదు. "ఒసే హిరమా, పట్టుకుంది నువ్వు సరే. ఎత్తమన్నదెవరే?"

నేను నరోత్తం వైపు తిరిగాను. ఆ ప్రశ్న నాది కాదు.

ధింగ్రా గారు కుర్చీలోంచి లేచారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "నాలుగు ఫోటోలు తీయించుకున్నది నేను," అన్నారు. "ఆ ఫోటో మా ఇంట్లో గోడకు పెట్టుకున్నాను. వచ్చినవాళ్లకల్లా చూపించి, నేను దీన్ని చంపలేదు అని చెప్తున్నాను." అంతే చెప్పి కూచున్నారు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం సగానికి తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.

తర్వాత గంటసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు, మా ఊళ్లో ఏ మీటింగయినా అంతే. ఆఖరికి డాబే రామ్ రాసుకున్నది ఇది. ఏరు అందరికీ ఒకటే, గెస్టుకయినా ఊరివాడికయినా. గాట్ల మధ్య చేపలు రెండు పట్టుకుని చంపి తినాలి, రెండయ్యాక గేలం చుట్టెయ్యాలి. వదిలే చేపను నీళ్లలోంచి ఎత్తకూడదు, తడిచేత్తో తప్ప తాకకూడదు. తప్పితే ఎవరి కర్రయినా మర దూలానికి ఎక్కుతుంది. నరోత్తం అడిగిన బోర్డుకు ఏడు చేతులు లేచాయి. దీనికి లేచిన చేతులు డాబే రామ్ రెండుసార్లు లెక్కపెట్టుకుని, మూడోసారి మానేశాడు.

జనం లేవబోతుంటే నేను బుట్ట పక్కన కట్టిన గేలపు కర్ర విప్పి నరోత్తం ముందు పెట్టాను.

"ఏంటిది?"

"రెండో గాటు దాటిన చేప. కొలుస్తావా?"

వాడు కొలవలేదు. "వద్దులే వదినా. తెలిసి చేసింది కాదు గదా."

"నువ్వు కూడా ఆ రోజు అదే చెప్పబోయావు. నేను విన్లేదు. పద."

మర దాకా ఇద్దరం నడిచాం. దారిలో ఆపిల్ చెట్టు కింద ఆగి మర అవ్వను పాతిపెట్టాం, గొయ్యి వాడే తవ్వాడు. మరలో దూలం నాకు అందదు, వాడికి అందుతుంది. తాడు ముడి వేస్తుంటే వాడి చేతులు ఆలస్యం చేశాయి. "గట్టిగా కట్టు," అన్నాను. "వదులుగా కడితే ఎలుకలు పడేస్తాయి." అప్పుడు గట్టిగా కట్టాడు. కింద మర తిరుగుతూనే ఉంది, దూలం మీది పిండి దుమ్ము మా ఇద్దరి తలల మీదా పడింది.

మార్చి ఒకటి రావడానికి ఇంకా పదకొండు నెలలు. ఒప్పుకుంటాను, మొదటి రోజులు చాలా కష్టంగా గడిచాయి. పొద్దున్నే లేవగానే చెయ్యి గోడ మూలకు పోయేది, అక్కడ కర్ర ఉండేది కాదు. అలాగని ఇంట్లో కూచోలేదు. అక్రోట్ కర్ర నడుములో దోపుకుని రోజూ ఏటికి వెళ్లాను. నా కర్రను దూలానికి కట్టారు గానీ నా కాళ్లను కట్టలేదు. గెస్టులు గేలం వేస్తుంటే గట్టు మీద నిలబడేదాన్ని. ఒకాయన రెండూ అయ్యాక మూడోసారి దారం విసరబోయాడు.

"రెండయ్యాయి బాబూ."

"ఇంకొక్కటి. వదిలేస్తాను."

"వదిలే పనయితే పట్టడమెందుకు? సర్దుకోండి."

ఆయన నరోత్తం వైపు చూశాడు. నరోత్తం ఆకాశం వైపు చూశాడు. ఆ గెస్టు గేలం సర్దుకున్నాడు.

మే నెలలో ధింగ్రా గారు మళ్లీ వచ్చారు. ఒక మధ్యాహ్నం నా గుమ్మం ముందు నిలబడి, ఆకుల్లో చుట్టిన రెండు చేపలు చూపించారు. కొలిచి చూశాను. రెండూ గాట్ల మధ్యవే. రెండింటికీ నెత్తిన ఒకే దెబ్బ. ఇన్నేళ్లుగా చేపలు పడుతున్నాను గానీ నేను పట్టింది నేను ఎప్పుడూ తినలేదమ్మా, వండి పెడతారా అని అడిగారు. వెనక నరోత్తం ఉన్నాడు, అన్నం వేళకు వాడు ఎక్కడున్నా అక్కడికొస్తాడు.

పాత ఇంటి కప్పు నుంచి దించిన పలకరాయి ఒకటి ఉంది నా దగ్గర. దాన్ని నిప్పుల మీద పెట్టి, ఆవనూనె చుక్క వేస్తే చిటపటలాడేదాకా కాల్చాను. చేపల కడుపు శుభ్రం చేసి, లోపల పచ్చి వెల్లుల్లి కాడలు, ఏటి గట్టు పుదీనా, నూరిన ఎండు దానిమ్మ గింజలు, ఉప్పు పెట్టాను. పొలుసు గీకలేదు. ట్రౌట్ తోలు అంత పలచన, గీకితే రుచి పోతుంది. రాయి మీద ఒక పక్క తోలు కరకరలాడేదాకా కదపకుండా వదిలి, ఒక్కసారే తిప్పాను. దించేముందు అక్రోట్ ముద్ద నూనెలో కలిపి పైన పూశాను. ఎర్ర బియ్యం అన్నం, పక్కన మజ్జిగ. ధింగ్రా గారు ముల్లు ముల్లూ చప్పరించి, తల కూడా వదల్లేదు. మాట్లాడకుండా తిన్నారు. అలా తినేవాళ్లంటే నాకు గౌరవం.

నరోత్తం తన వాటా అయ్యాక పలకరాయికి అంటుకున్న తోలు ముక్కలు గీక్కుంటూ అన్నాడు, "ఒక మాట అడగనా వదినా. ఆ రోజు ఆ చేపను మంచులోనే ఉంచేస్తే, నోటితోనే వాదించి ఉంటే, నువ్వే గెలిచేదానివేమో. సీజనంతా నీకు మిగిలేది."

"మిగిలేది," అన్నాను. "మింగడానికి గొంతు మిగిలేది కాదు."

నిప్పుల మీద రాయి ఇంకా వేడిగానే ఉంది. నేను అక్రోట్ కర్ర నడుములో దోపుకుని లేచాను. వంతెన దగ్గర ఇంకా ఇద్దరు గెస్టులు గేలాలు వేస్తున్నారు. వాళ్లకెన్ని పడ్డాయో చూడాలి.